అద్దం అక్క చేతివాటం

మా ల్యాబ్‌లో ఇద్దరికే అసలు పని ఉండేది. అద్దం అక్క ఇనుప ముక్కల్ని నునుపు చేసేది, నేను విరగ్గొట్టేవాణ్ణి. మిగతా పదకొండు మందీ మేమిద్దరం చేసిన పని మీద మీటింగులు పెట్టుకునేవారు.

మా కంపెనీ లారీలకు ఇరుసులు తయారుచేస్తుంది. నిండు లోడుతో పోతున్న లారీకి ఇరుసు విరిగితే ఏమవుతుందో నేను చెప్పక్కర్లేదు. అందుకని కొలిమిలోంచి వచ్చిన ప్రతి బ్యాచ్‌లోనూ ఒక కడ్డీ కోసి మా దగ్గరికి పంపిస్తారు. అందులో జానెడు ముక్క నాకు. నా మెషీన్ దాన్ని రెండు చివర్లా పట్టుకుని తెగేదాకా లాగుతుంది. ఎంత బలానికి సాగిందో, ఎంత బలానికి తెగిందో నేను రాసుకుంటాను. తెగినప్పుడు తుపాకీ పేలినట్టు చప్పుడవుతుంది. కొత్తగా వచ్చిన ఆఫీసర్లు ఉలిక్కిపడి చేతిలో టీ ఒలకబోసుకుంటారు. ఈ ఉద్యోగంలో నాకు దక్కిన వినోదం అదొక్కటే.

కడ్డీలో మిగిలిన బొటనవేలంత ముక్క అక్కకి వెళ్తుంది. ఆమె గది కింది అంతస్తులో, మరుగుదొడ్డి పక్కన. ఒక సింకు, గుండ్రంగా తిరిగే రెండు పళ్లేలు, గరుకు కాగితాల కట్టలు, కిటికీ ఉండాల్సిన చోట ఒక క్యాలెండరు. ముక్కని నల్లటి ప్లాస్టిక్ బిళ్లలో పొదిగి, పళ్లెం మీద గరుకు కాగితం వేసి, నీళ్లు వదులుతూ అరగదీస్తుంది. ముందు బాగా గరుకుది, తర్వాత కాస్త తక్కువది, అలా ఆరు కాగితాలు మారుస్తుంది. చివర మఖమల్ గుడ్డ మీద వజ్రం పొడి ముద్ద. అప్పటికి ఆ ఇనుములో చూసుకుని తల దువ్వుకోవచ్చు. అందుకే అద్దం అక్క. ఆమె అసలు పేరు జీతం కాగితం మీద తప్ప ఇంకెక్కడా వాడగా నేను చూడలేదు.

అంత కష్టపడి అద్దం చేశాక ఆమె చేసే తర్వాతి పని, దాన్ని పాడుచెయ్యడం. పటకారుతో పట్టుకుని, స్పిరిట్ కలిపిన యాసిడ్‌లో కొన్ని సెకన్లు ముంచుతుంది. మెరుపు పోయి మసక కమ్ముతుంది. కడిగి, జుట్టు ఆరబెట్టుకునే డ్రయర్‌తో ఆరబెట్టి మైక్రోస్కోప్ కింద పెడితే అప్పుడు బయటపడుతుంది ఇనుము అసలు రంగు. పైకి ఒకే ముద్దలా కనిపించేది లోపల వేల చిన్న చిన్న పలుకులు. కొన్ని తెల్లవి, కొన్ని నల్లవి, పలుకుకీ పలుకుకీ మధ్య సన్నటి గీత. వాటిని గ్రెయిన్లు అంటారు. అక్క వాటిని ఫొటో తీసి రిజిస్టర్లో ఎక్కిస్తుంది. రిజిస్టర్లో 'యాసిడ్‌లో ఉంచిన సమయం' అని ఒక గడి ఉంది. అందులో ఆమె ఇరవై రెండేళ్లుగా 'తగినంత' అని రాస్తోంది. వంటల పుస్తకంలో ఉప్పు గురించి రాసినట్టు.

ఆమె మొదట చేరింది ఫైళ్లు సర్దడానికి. అప్పట్లో పాలిష్ చేసే ఆయన యాసిడ్ మీద పోసుకుని, చొక్కాతో పాటు ఉద్యోగాన్ని కూడా విప్పేసి వెళ్లిపోయాడట. "రెండు రోజులు కాస్త చూడమ్మా" అన్నారట ఈమెని. ఆ రెండు రోజులు ఇంకా పూర్తి కాలేదు.

ఒక్కోసారి పైకి వచ్చి, "తమ్ముడూ, ఇవాళ నీకు పంపింది మొండి ఘటం. నీ మెషీన్‌ని ఏడిపిస్తుంది చూడు" అనేది. నిజంగానే ఏడిపించేది. ఎలా తెలిసింది అక్కా అంటే, "అరగదీస్తుంటే చేతికి తెలీదూ? మెత్తది కాగితానికి అతుక్కుంటుంది, గట్టిది జారిపోతుంది" అనేది. నేను నవ్వి ఊరుకునేవాణ్ణి. ఆ మాట ఆమె నాకు తప్ప ఇంకెవరికీ చెప్పలేదు. ఇంకెవరూ ఆ గదిలోకి వచ్చేవారు కాదు, పక్క గదికి దారి అడగడానికి తప్ప.

అలాంటి చోటికి డాక్టరు వచ్చాడు. మందులిచ్చే డాక్టరు కాదు, చదువు డాక్టరు. ముప్పై ఏళ్లుంటాయి. మాట్లాడే ముందు కళ్లజోడు తుడుచుకుంటాడు, మాట్లాడాక ఇంకోసారి తుడుచుకుంటాడు. మొదటి వారంలోనే గేటు దగ్గర వాచ్‌మన్ నడుంనొప్పికి మందు అడిగాడు. కాదనడానికి మొహమాటపడి, వేడినీళ్ల కాపడం పెట్టుకోమన్నాడు. తగ్గింది. అంతే, అప్పట్నుంచీ క్యాంటీన్‌లో ఆయన ప్లేటు ముందు క్యూ.

ఆయన్ని తెచ్చింది మా పెద్దసారు. ఈయన్ని మేం ముందుకెళ్దాం సారు అంటాం, ఏ మాటైనా 'సరే, ముందుకెళ్దాం' అనే ముగిస్తాడు కాబట్టి. ఓసారి లిఫ్ట్‌లో ఇరుక్కుపోయినప్పుడు కూడా అదే అన్నాడని మెకానిక్ చెప్పాడు.

సారు మమ్మల్నందర్నీ కూర్చోబెట్టి చెప్పాడు: "ఇకమీదట ముక్కలు విరగ్గొట్టక్కర్లేదు. గ్రెయిన్ల ఫొటో చూపిస్తే చాలు, ఆ స్టీలు ఎంత బలం ఓర్చుకుంటుందో కంప్యూటరే చెప్పేస్తుంది. డాక్టర్ గారు మోడల్ చేస్తారు. ముందుకెళ్దాం."

అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను. విరగ్గొట్టడమే నా ఉద్యోగమని రెండో చప్పట్లో గుర్తొచ్చింది.

డాక్టరు మంచివాడే. కింది గదికి తనే దిగి వచ్చి అక్కకి అంతా వివరించాడు. "గ్రెయిన్లు చిన్నవైతే వాటి మధ్య సరిహద్దులు ఎక్కువవుతాయి మేడం. లోహం సాగాలంటే లోపల పొరలు జారాలి. సరిహద్దులు అడ్డం వస్తే జారడం కష్టం. అందుకని గట్టిగా ఉంటుంది."

"అంటే చిన్న చిన్న గదుల ఇంట్లో బీరువా జరపడం లాంటిది" అంది అక్క.

డాక్టరు కళ్లజోడు తుడుచుకున్నాడు. "నాకు ఇది అర్థం కావడానికి రెండేళ్లు పట్టింది" అన్నాడు.

"మీకు బీరువా జరిపే అవసరం రాలేదేమో."

తర్వాత ఎనిమిది నెలలు ఆయన ఆ మోడల్‌తోనే కాపురం చేశాడు. అక్క తీసిన పద్నాలుగు వందల ఫొటోలు, ఒక్కోదాని పక్కన నా మెషీన్ ఇచ్చిన అంకె. ఇవి రెండూ చూపించి కంప్యూటరుకి నేర్పాడు. ఇదిగో ఇలాంటి ఫొటో అయితే ఆరు వందల దగ్గర తెగింది, ఇలాంటిదైతే ఎనిమిది వందల యాభై దగ్గర తెగింది అని. నేర్పాక, అది అంతకుముందు చూడని ఫొటోలు రెండు వందలు దాని ముందు పెట్టాడు. జవాబులు నా అంకెలకి నూటికి రెండు పాళ్ల తేడాలో వచ్చాయి. నేనే నమ్మలేదు. నా మెషీనే ఒక్కోసారి అంత తేడా చూపిస్తుంది.

ముందుకెళ్దాం సారు ఆనందానికి పట్టపగ్గాల్లేవు. లాబీలో ఆరడుగుల పోస్టరు వేయించాడు. అందులో కంప్యూటరు, దాని పక్కన సారు, సారు పక్కన డాక్టరు సగం చెవి. లారీలు చేసే పెద్ద కంపెనీ ఒకటి మా దగ్గర కొనే విషయంలో ఊగిసలాడుతోంది. వాళ్ల ఇంజనీరుని వచ్చి చూడమని పిలిచాడు. నా మెషీన్ మీద కప్పడానికి ఒక నీలం గుడ్డ కూడా కుట్టించారు. కొలతలు నన్నే తీసుకోమన్నారు.

ఇంజనీరు రావడానికి ఇంకా ఇరవై రోజులుందనగా అక్క చెయ్యి విరిగింది.

ఆమె భర్త సిటీ బస్సు డ్రైవరు. నేను బావగారు అంటాను. ఆ రోజు ఆమె ఇంటికి ఆయన తోలే బస్సే ఎక్కింది. దిగేటప్పుడు, "వచ్చేటప్పుడు గుడ్లు తీసుకురా" అని వెనక్కి తిరిగి చెప్తూ మెట్టు చూసుకోలేదు. కుడి మణికట్టు మీద పడింది. బస్సులోంచి ప్రయాణికురాలు పడిందంటే డిపోలో సంజాయిషీ రాయాలి. అందులో 'సదరు ప్రయాణికురాలితో మీకు పూర్వపరిచయం ఉందా' అని ఒక ప్రశ్న. ఆయన 'ఇరవై ఎనిమిదేళ్లుగా ఉంది, ఆమె నా భార్య' అని రాశాడు. పై అధికారి పిలిచి, ఇది వేళాకోళమా అని అడిగాడట.

పిండికట్టు వేశారు. ఆరు వారాలు చెయ్యి కదపకూడదన్నారు.

"ఏం పర్లేదు" అన్నాడు డాక్టరు. "నేనే చేస్తాను. పుస్తకంలో పద్ధతి ఉంది."

చేశాడు పాపం. మొదటి రోజు మూడు గోళ్లు అరగదీసుకున్నాడు. రెండో రోజు బిళ్ల చేజారి ఎగిరి క్యాలెండరుకి తగిలింది. మూడో రోజుకి దారికొచ్చాడు. అక్క పాలిష్ అంత లేకపోయినా మైక్రోస్కోప్‌కి సరిపోయేంత. యాసిడ్‌లో ముంచడం మాత్రం అక్కకంటే పద్ధతిగా చేశాడు. స్టాప్‌వాచ్ పెట్టుకుని ప్రతి ముక్కనీ కచ్చితంగా ఎనిమిది సెకన్లు ముంచాడు. రిజిస్టర్లో ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఆ గడిలో ఒక అంకె పడింది.

మోడల్‌కి మతి పోయింది. ఏ ఫొటో పెట్టినా ఏడు వందల ఇరవై, అటూ ఇటూ ఓ పది. పేపర్లు దిద్దడానికి బద్ధకించిన మాస్టారు అందరికీ పాసు మార్కులేసినట్టు. నేను నీలం గుడ్డ తీసి ఆ కడ్డీల్నే విరగ్గొట్టి చూశాను. ఒకటి ఆరు వందల దగ్గరే తెగింది, ఇంకొకటి ఎనిమిది వందల డెబ్బై దాకా తెగలేదు. నిజం చెప్పాలంటే ఆ చప్పుడు నా చెవికి పాటలా వినిపించింది. డాక్టరు మొహం చూశాక మాత్రం సిగ్గేసింది.

కంప్యూటరు తప్పేమోనని మార్చారు. కెమెరా బల్బు తప్పేమోనని అది మార్చారు. స్టీలు పంపినవాళ్లే మోసం చేశారని సారు ఒక ఉత్తరం రాయించాడు. వాళ్లు అంతకంటే పెద్ద ఉత్తరం రాశారు. ఇంజనీరు రావడానికి తొమ్మిది రోజులుంది.

"అక్కని ఓసారి అడుగుదామా?" అన్నాను నేను.

"మోడల్ గురించా?" అన్నాడు డాక్టరు.

"పోనీ పరామర్శకే అనుకోండి."

ఆదివారం పొద్దున వెళ్లాం. మూడో అంతస్తులో రెండు గదుల ఇల్లు. బావగారు ఏప్రన్ కట్టుకుని గుడ్లు పగలగొడుతున్నాడు. గుడ్లు తెమ్మని చెప్తూనే ఆవిడ పడింది కాబట్టి, పది రోజుల నుంచీ ఇంట్లో మూడు పూటలా గుడ్లే అని అక్క చెప్పింది. "ప్రాయశ్చిత్తం చేసుకుంటున్నాడు తమ్ముడూ. నాకు కొలెస్ట్రాల్ వచ్చేదాకా ఆపడు."

డాక్టరు సంచిలోంచి తను చేసిన బిళ్లలు, ఫొటోలు తీసి మంచం మీద పరిచాడు. అక్క ఎడమ చేత్తో ఒక ఫొటో పట్టుకుని, దూరంగా పెట్టి, దగ్గరగా పెట్టి చూసింది.

"ఎవరు ముంచారిది?"

"నేనే మేడం. ఎనిమిది సెకన్లు."

"ఇది?"

"అదీ ఎనిమిదే."

"అన్నిటికీ ఎనిమిదేనా?" అక్క పకపకా నవ్వింది. "ఇంట్లో అందరికీ ఒకే సైజు చెప్పులు కొంటారా డాక్టర్ గారూ? ఇది మెత్తటి ముక్క, దీనికి ఐదు చాలు. ఇదిగో ఇది మొండిది, దీని లోపల పలుకులు మరీ సన్నం. పద్నాలుగు ఉంచితే కానీ గీతలు విడివిడిగా కనబడవు."

డాక్టరు కళ్లజోడు తుడుచుకోలేదు. "మొండిదో మెత్తదో, ముంచకముందే మీకెలా తెలుస్తుంది?"

"అరగదీసేటప్పుడే తెలిసిపోతుందిగా చేతికి."

"అంటే గట్టి ముక్కల్ని ఎక్కువసేపు ముంచుతారు. ఎక్కువసేపు ముంచితే ఫొటో నల్లబడుతుంది."

"కాస్త నల్లబడుతుంది. మనకి గీతలు కనబడితే చాలుగా."

బావగారు ప్లేట్లు తెచ్చి పెట్టాడు. డాక్టరు ముట్టుకోలేదు. మంచం కోడు పట్టుకుని నెమ్మదిగా అన్నాడు: "నా మోడల్ గ్రెయిన్లు చూడట్లేదు. నలుపు చూస్తోంది. నల్లగా ఉంటే గట్టిది, తెల్లగా ఉంటే మెత్తది. ఇన్నాళ్లూ అది చదివింది ఇనుముని కాదు మేడం. మీ చేతివాటాన్ని."

అక్క మొహం ఎర్రబడింది. "ఏమన్నారు? ఇరవై రెండేళ్లలో ఆ ల్యాబ్‌లోంచి గుండుసూది ఇంటికి తెచ్చి ఎరగను!"

బావగారు గరిటె పట్టుకునే ముందుకొచ్చాడు. నేను మధ్యలో దూరి, ఆయన అన్నది దొంగతనం గురించి కాదు, చెయ్యి అలవాటు గురించి అని సర్దిచెప్పేసరికి తల ప్రాణం తోకకొచ్చింది. డాక్టరు అరడజను సార్లు క్షమించమన్నాడు, ఆ తత్తరపాటులో రెండు గుడ్లు తినేశాడు కూడా.

మర్నాడు అక్క పిండికట్టుతోనే ల్యాబ్‌కి వచ్చింది. తను పక్కన నిలబడి చెప్తూ ఉంటే డాక్టరు చేశాడు. ఒకే ముక్కని ముంచి ఫొటో తీసి, మళ్లీ నునుపు చేసి మళ్లీ ముంచి, అలా మూడుసార్లు. ఐదు సెకన్లు, ఎనిమిది, పద్నాలుగు. ఇనుము ఒక్కటే. మోడల్ మాత్రం మొదటి ఫొటోకి ఆరు వందల పది, రెండోదానికి ఏడు వందల ఇరవై, మూడోదానికి ఎనిమిది వందల అరవై అంది. నేను విరగ్గొడితే ఏడు వందల పదిహేను.

డాక్టరు ఇంకో పరీక్ష కూడా చేశాడు. అక్క తీసిన పాత ఫొటోల్ని కంప్యూటర్లో పూర్తిగా మసక చేసేశాడు. ఒక్క గ్రెయినూ లేదు, గీతా లేదు, వట్టి బూడిదరంగు. అవి పెట్టినా మోడల్ దాదాపు అవే జవాబులు ఇచ్చింది, ఠంచనుగా.

అక్క ఆ బూడిదరంగు వంక చాలాసేపు చూసింది. "అయితే ఎనిమిది నెలలూ అది నా దగ్గర కాపీ కొట్టిందన్నమాట" అంది. గొంతులో కాస్త గర్వం కూడా ఉంది.

ఆ గర్వం సారు గదిలోకి వెళ్లేదాకానే నిలిచింది. సారు అంతా విని, "అంటే ఏంటమ్మా, ఇరవై రెండేళ్లుగా నువ్వు తీసిన ఫొటోలన్నీ తప్పా?" అన్నాడు.

అక్క కట్టు కట్టిన చెయ్యి బల్ల మీద పెట్టింది. "తప్పెందుకవుతాయి సార్? నేను మనిషి చూడ్డానికి తీశాను. మనిషికి బాగా కనబడేట్టు తీశాను. రేపు ఒక పెట్టె వచ్చి దీన్ని చూసి నేర్చుకుంటుందని నాకెవరు చెప్పారు? ఇన్నేళ్లలో నా గదిలోకి మీరెప్పుడైనా వచ్చారా?"

సారు వచ్చాడు, ఒకసారి, పక్క గది ఖాళీ లేనప్పుడు. ఆ సంగతి చెప్పే ధైర్యం ఆయన చెయ్యలేదు. కాసేపు పెన్ను తిప్పి, మొహం వెలిగించుకున్నాడు. "అసలు సమస్య ఏముంది? అమ్మ ముంచితే మోడల్ కరెక్టుగా చెప్తోందిగా. ఆ రోజు అమ్మే ముంచుతుంది. ముందుకెళ్దాం."

"నా కుడిచెయ్యి ఈ కట్టులో ఉంది సార్."

"ఎడమచెయ్యి ఉందిగా?"

"దానికేం తెలుసు? ఇన్నేళ్లూ అది ట్యాప్ తిప్పడం తప్ప ఏం చెయ్యలేదు." కట్టు సర్దుకుని అంది: "అయినా నా చెయ్యి చెప్పేదాన్నే ఆ పెట్టె మళ్లీ చెప్తుంటే, మధ్యలో పెట్టె ఎందుకు సార్? కరెంటు దండగ."

డాక్టరు నేల చూపులు చూస్తున్నాడు. పాత ఫొటోలే పెట్టి చూపించేద్దామని సారు అన్నాడు. చూడనివాళ్లకి తెలీదన్నాడు. డాక్టరు అవుననలేదు, కాదననూ లేదు. ఎనిమిది నెలల కష్టం, ఆరడుగుల పోస్టరు, అందులో సగం చెవి. ఆయన్ని తప్పుపట్టడానికి నాకూ నోరు రాలేదు. నీలం గుడ్డకి కొలతలిచ్చినవాణ్ణి నేను.

బయటికొచ్చాక మెట్ల దగ్గర అక్క ఆయన్ని ఆపింది. "బాబూ, ఒకటి చెప్తాను. మా ఆయన బస్సు తోలతాడు. ముందు పోయే లారీ ఇరుసు విరిగితే వెనకుండేది ఆయనే." అంతే. ఇంకో మాట లేకుండా దిగి వెళ్లిపోయింది.

చెప్పిన రోజున ఇంజనీరమ్మ వచ్చింది. యాభై దాటిన మనిషి, మోకాళ్ల నొప్పులనుకుంటా, మెట్టు మెట్టుకీ తిట్టుకుంటూ ఎక్కింది. పోస్టరు చూసి, "ఈ చెవి ఎవరిది?" అని అడిగింది. సారు ఇరవై నిమిషాలు ప్రసంగించి డాక్టరుకి మైకు ఇచ్చాడు. తెర మీద పాత ఫొటోలు సిద్ధంగా ఉన్నాయి.

డాక్టరు కళ్లజోడు తుడుచుకున్నాడు. జేబులోంచి ఒక పెన్‌డ్రైవ్ తీసి పెట్టాడు. తెర మీద ఒకే ముక్కవి మూడు ఫొటోలు, వాటి కింద మూడు అంకెలు వచ్చాయి.

"ఇవి మూడూ ఒకే ఇనుము. నా మోడల్ మూడు జవాబులిచ్చింది. ఎందుకో చెప్తాను" అని మొదలుపెట్టి, ఒక్కటి దాచకుండా చెప్పేశాడు. తగినంత అన్న గడి దగ్గర్నుంచి బూడిదరంగు దాకా. సారు ముఖంలో రంగులు మారడం నేను పక్కనుంచి చూశాను. మా యాసిడ్ కూడా అంత త్వరగా పని చెయ్యదు.

ఇంజనీరమ్మ మొదట నవ్వింది. గట్టిగా, కుర్చీ కదిలేట్టు నవ్వింది. తర్వాత సగంలో ఆగిపోయింది. ఫోను తీసి ఎవరికో చేసింది. "మన దగ్గర అలాంటి మోడలే ఏడాదిగా వాడుతున్నాంగా? శాంపిళ్లు ఎవరు ముంచుతున్నారు? ఎన్ని సెకన్లు? తెలీదా? తెలుసుకో. నేను వచ్చేలోపు తెలుసుకో."

ఫోను పెట్టేసి, "ఆ ముంచే ఆవిడ ఎక్కడ?" అంది. గోడ వారగా నిలబడ్డ అక్కని చూపించాం. ఇద్దరూ కిందికి, ఆ కిటికీ లేని గదిలోకి వెళ్లి తలుపేసుకుని గంటసేపు మాట్లాడుకున్నారు. ఏం మాట్లాడుకున్నారని అడిగితే, "సగం ఇనుము, సగం మోకాళ్లు" అంది అక్క. కొనే విషయం ఆర్నెల్లకి వాయిదా పడింది. పడిపోలేదు కాబట్టి సారు దాన్నే విజయం కింద లెక్కేసుకుని ముందుకెళ్లాడు. పోస్టరు మాత్రం రాత్రికి రాత్రే మాయమైంది.

కట్టు విప్పాక అసలు చాకిరీ మొదలైంది. నాలుగు వందల ముక్కలు, ఒక్కోటి మూడుసార్లు నునుపు చెయ్యాలి, మూడు రకాల సమయాలు ముంచాలి. నలుపుని నమ్మితే మోసపోతానని మోడల్‌కి తెలిసిరావాలని డాక్టరు ఆలోచన. ఒకే జవాబున్న ఇనుము ఒకసారి తెల్లగా, ఒకసారి నల్లగా కనబడితే, చచ్చినట్టు గ్రెయిన్ల వైపే చూస్తుందని. అక్క మణికట్టు కాస్త వంకరగా అతికింది. పొద్దున్నే పట్టేసేది. డాక్టరు పక్క పళ్లెం మీద కూర్చున్నాడు. మొదటి నెలలో ఆమె ఆయన చేసినవాటిలో సగం తిప్పికొట్టింది. మధ్యలో ఎప్పుడో ఆయన నోట మేడం పోయి అక్కా అయింది. నాకూ పని తగ్గలేదు, పెరిగింది. కొత్త మోడల్‌కి మేత కావాలంటే ఇంకా ఇంకా విరగ్గొట్టాలి. నీలం గుడ్డ ఇప్పుడు డాక్టరు మోకాళ్ల మీద ఉంటుంది, నీళ్లు చిందకుండా.

ఆ చాకిరీ సాగిన ఏడు నెలల్లో అక్క ఇంకో పని చేసింది. ప్రతి ముక్కా అరగదీశాక, ముంచకముందు, చెయ్యి చెప్పిన అంకె ఒక చిన్న పుస్తకంలో రాసి పెట్టుకుంది. చివర్న డాక్టరు ఆ పుస్తకాన్నీ మోడల్ జవాబుల్నీ నా అంకెలతో పోల్చాడు. కొత్త మోడల్ నూటికి ఏడు పాళ్లు తప్పింది. అక్క ఆరు. బావగారు డిపో మొత్తానికి టీ పోయించాడు. నెల తిరక్కుండానే స్ప్రింగులకు వాడే కొత్తరకం స్టీలు వచ్చింది. దాని మీద మోడల్ ఎనిమిది తప్పితే, అక్క పదిహేను తప్పింది. రెండ్రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. మూడో రోజు వచ్చి, "ఆ పెట్టె దీన్ని ఎలా పట్టుకుందో నాకు చూపించు" అని డాక్టరు కుర్చీ పక్కన స్టూలు వేసుకుని కూర్చుంది. ఇప్పుడు రోజూ సాయంత్రం అరగంట కూర్చుంటోంది. తెర మీద కంప్యూటరు కట్టిన బొమ్మ ఇనుముని లాగుతుంటే ముందు ఏ గ్రెయిన్ జారుతుందో ఇద్దరూ పందెం కాస్తారు. ఓడినవాళ్లు గిన్నెలు కడగాలి.

సారుకి ఏడు పాళ్లన్నది మింగుడుపడలేదు. "రెండు ఉండేది కదా" అని ఇప్పటికీ దిగులుపడతాడు, పోయిన చుట్టాన్ని తలుచుకున్నట్టు.

ఈ సంగతంతా డాక్టరు ఒక సైన్సు పత్రికకి రాసి పంపాడు. తన పేరు తర్వాత అక్క పేరు, మూడోది నాది. దానికి జతచేసే ఫారంలో 'విద్యార్హత' అన్నచోట అక్క పన్నెండో తరగతి అని రాసింది. పత్రికవాళ్లెవరో ఫోన్ చేసి ఇది పొరపాటా అని అడిగారు. కాదని డాక్టరు చెప్పాడు. ఇలాంటి వాటికి పేరు ఇవ్వాలంటే హోదా ఉండాలని సారు నసిగితే, ఇన్నేళ్ల తర్వాత ఆమె హోదాలోంచి సహాయకురాలు తీసేసి నిపుణురాలు అని పెట్టారు. గది మాత్రం అదే.

అచ్చయిన పత్రిక మొన్న వచ్చింది. డాక్టరు రెండు చేతులా పట్టుకుని కింది గదికి పరుగెత్తుకొచ్చాడు. నేనూ వెనకే వెళ్లాను. అక్క చెయ్యి తుడుచుకుని తీసుకుంది. పేరున్న పేజీ దగ్గర ఆగనే లేదు. పేజీలు తిప్పుకుంటూ పోయి నాలుగో బొమ్మ దగ్గర ఆగింది. కళ్లకి దగ్గరగా పెట్టుకుంది.

"ఇదేంటి, మూలన ఈ నీటి మరక?"

డాక్టరు పేజీలోకి తొంగిచూశాడు. "అది... అది నేను ఆరబెట్టింది అక్కా."

"నా పేరు వేసి, నువ్వు ఆరబెట్టింది అచ్చేయిస్తావా? ప్రపంచం మొత్తం చూస్తుందే! పద, ఆ ముక్క ఎక్కడుందో వెతుకు. మళ్లీ తీద్దాం."

"అచ్చయిపోయింది కదక్కా, ఇప్పుడేం లాభం?"

"లాభం సంగతి తర్వాత. ముందు ముక్క తీసుకురా" అని ఆమె ట్యాప్ తిప్పింది. డాక్టరు పైకి పరుగెత్తాడు. నేను పేజీలు వెనక్కి తిప్పి నా పేరు చూసుకున్నాను. రెండక్షరాలు తప్పు పడ్డాయి.